పిడికెడు బియ్యం డబ్బా

నిన్న నిజామాబాద్‌లో మా చర్చిలో పాస్టరుగారు "సుఖం విడిచి బయటికి రండి" అని ఏసీ కింద నిలబడి గంటసేపు చెప్పారు. మెత్తటి కుర్చీల్లోంచి కదలకుండానే అందరం "ఆమెన్" అన్నాం. తర్వాత బీదల కోసం పిడికెడు బియ్యం కానుక పట్టారు. ఇంట్లో సన్నబియ్యం తినే మనం బుట్టలో పోసింది దొడ్డు బియ్యం, అదీ పురుగు పట్టింది.

ఆ ముక్కిన బియ్యం వాసనకు బోధన్‌లో మా అవ్వ పొయ్యి పక్కన ఉండే రేకు డబ్బా గుర్తొచ్చింది. మీ ఇళ్లలోనూ ఉండేది కదా? ఎసట్లో పోసేముందే పిడికెడు బియ్యం తీసి అందులో వేసేవాళ్లు.

ఒకసారి వానకు చెరుకు కొట్టడం ఆగి, కూలి లేదు. చాటలో ఉన్నవే రెండు పిడికిళ్లు. అవ్వ అందులోంచీ ఒకటి తీసింది.

"ఇయ్యాల తియ్యకవ్వా, ఆకలైతుంది" అని ఏడ్చాను.

"చెరుకు కొట్టనీకి వచ్చిన మరాఠోళ్ల పిల్లలకు గూడ ఆకలైతుంది బిడ్డా" అంది. డబ్బా చంకన పెట్టుకుని, మనవాళ్లెవరూ తొంగిచూడని ఆ గుడిసెలకు కాలువగట్టు బురదలో నడిచిపోయింది. వచ్చి నాకు అన్నం పెట్టి, తను గంజి తాగింది. ఆమెన్ కూడా అనలేదు.

నిన్న బుట్ట పట్టుకున్న అక్క పురుగులు చూసి గట్టిగానే అడిగింది: "గిసొంటి బియ్యం ఎవలు తెచ్చిండ్రమ్మా? కోళ్లు గూడ తినయి."

అందరం ఒకరి మొహాలొకరం చూసుకున్నాం. నేను ఖాళీ సంచిని మడిచి హ్యాండ్‌బ్యాగులో దాచేశాను.