గురి మామ్మ, ఏడో నంబరు ఫిరంగి

అంతరిక్ష నౌకల మరమ్మతు రేవులో చేతితొడుగులు కుట్టే గది ఒకటుంది. అందులో కిటికీ పక్క మిషను గురి మామ్మది. బొటనవేలి దగ్గర మూడు వరసల కుట్టు వెయ్యడం ఆమె పని. పక్క మిషనువాళ్ళ కుట్టు ఒక్క వరస వంకరపోయినా వాళ్ళని ఉతికి ఆరేస్తుంది. ఆ పేరు మాత్రం కుట్టుపని వల్ల రాలేదు. వయసులో ఉన్నప్పుడు యుద్ధనౌకలో ఏడో నంబరు ఫిరంగికి గురి చూసింది ఆమే.

ఆ ఫిరంగికి సిబ్బంది నలుగురు: గురి చూసే ఆమె, గుండు పెట్టే అతను, గొట్టం చల్లబరిచే అన్నదమ్ములిద్దరు. ఫిరంగిని వాళ్ళు అత్తగారు అనేవారు. ఎంత సేవ చేసినా మెచ్చేది కాదు మరి. వేడెక్కితే అలిగేది, చల్లబడితే మూలిగేది. ఆ ఇరుకు ఫిరంగి గదిలో ఒకరి మోకాలు ఇంకొకరి వీపుకి తగిలేది. చెమట కంపు, నూనె కంపు, పైగా అన్నదమ్ముల పోట్లాట. ఇప్పుడు తలుచుకుంటే మామ్మకి ఆ కంపు మీద కూడా బెంగ పుడుతుంది. అంత నవ్వు ఆమె మళ్ళీ ఎక్కడా నవ్వలేదు.

కాల్పులప్పుడు శత్రువు వింటాడని రేడియో కట్టేసేవారు. గదిలో గాలి కూడా తోడేసేవారు కనుక మాట వినపడేది కాదు, ఏం చెప్పాలన్నా భుజం తట్టి చెప్పుకోవడమే. ఒకసారి తడితే గుండు పెట్టానని, రెండుసార్లు తడితే గొట్టం ఖాళీ అని. ఖాళీ అని చెప్పే ముందు గుండు పెట్టే అతను గొట్టంలో భుజం దాకా చెయ్యి పెట్టి తడిమి చూడాలి. తర్వాత ఆమె కూడా చూడాలి. తోడబుట్టినవాడు చెప్పినా నమ్మకూడదన్నది వాళ్ళ పద్ధతి.

యుద్ధం ఆగిపోయిందని ఎర్రదీపం ఆర్పేసిన రోజున అతను ఆమె భుజం మీద రెండుసార్లు తట్టాడు. తట్టిన చెయ్యి తియ్యలేదు. అంత మందపాటి తొడుగులోంచి కూడా ఆమెకి వెచ్చగా అనిపించింది. తనూ చెయ్యి పెట్టి చూడాలన్న సంగతే మరిచిపోయి, గొట్టం ఖాళీ అన్న కాగితం మీద సంతకం పెట్టేసింది. నెల తిరక్కుండా వాళ్ళ పెళ్ళయింది.

"ఆ రోజు గొట్టం చూశావా, నన్ను చూశావా?" అని కాపురమంతా ఆమె అడుగుతూనే ఉండేది.

"గొట్టం చూశాకే నిన్ను చూశాను. నీలా మతి పోగొట్టుకునే రకం కాదు నేను," అని అతను దబాయించేవాడు. నలభై ఏళ్ళూ ఆ మాట మీదే నిలబడ్డాడు. పోయి రెండేళ్ళయింది.

మొన్న ఆ ఓడని ముక్కలు కొయ్యడానికి రేవుకి తెచ్చారు. పాత సిబ్బందిలో ఎవరో ఒకరు ఖాళీ అని రాసిస్తేగానీ ఫిరంగిని కొయ్యకూడదు. అన్నదమ్ముల ఆచూకీ లేదు. మామ్మని పిలిచారు.

"మా యంత్రం చూసేసిందండీ మామ్మగారూ, ఖాళీయే. సంతకం పెడితే చాలు," అన్నాడు ఇంజనీరు.

"మీ యంత్రం కొత్త గుండ్లనే పసిగడుతుంది నాయనా. ఇవి దానికి తాతలు."

"అప్పట్లో మీవారూ ఖాళీ అనే చెప్పారు కదండీ?"

ఆ మాట ఆమెకి గుచ్చుకుంది. ఇప్పుడు చెయ్యి పెట్టి చూడటమంటే పోయిన మనిషి మాటని అనుమానించడమే. పెట్టెయ్ సంతకం, పోనీ, అంది మనసు. కానీ కింద ఫిరంగిని కొయ్యడానికి మంటగొట్టాలు పట్టుకుని ఎనిమిదిమంది నిలబడి ఉన్నారు. వాళ్ళకీ ఇళ్ళూ వాకిళ్ళూ ఉన్నాయి.

మామ్మ చొక్కా చెయ్యి పైకి మడుచుకుంది. ఫిరంగి మూత తీయించి గొట్టంలో చెయ్యి మోచేతి దాకా పెట్టింది. ఏమీ తగల్లేదు. ప్రాణం లేచొచ్చింది. భుజం దాకా పెట్టింది. వేళ్ళకి చల్లగా, నున్నగా తగిలింది.

"ఉంది," అంది. "ముందు అందర్నీ బయటికి పంపించు."

ఇంజనీరు పరుగున వెళ్ళి అందర్నీ బయటికి పంపించాడు. గుండు తీసేవాళ్ళు వచ్చి, దాన్ని పసిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకుపోయేసరికి మధ్యాహ్నం దాటింది. అప్పుడతను ఫారం పట్టుకొచ్చాడు.

"పొరపాటు ఎవరిదని రాయమంటారు?"

"ఇద్దరిదీ అని రాయి. ఆయన చూడలేదు, నేను చూడలేదు." అంటూనే ఆమెకి నవ్వొచ్చింది. ఆపుకుందామంటే ఆగలేదు. "అబద్ధాలకోరు! గొట్టం వైపు తిరిగైనా చూడలేదు మహానుభావుడు. నలభై ఏళ్ళు దబాయించాడు నన్ను!"

ఆ నవ్వు ఎందుకో అర్థంకాక ఇంజనీరు ఆమెని పక్కనున్న బల్ల మీద కూర్చోబెట్టి గ్లాసుడు నీళ్ళు తెచ్చిచ్చాడు. మామ్మ గబగబా తాగి లేచింది, ఇవాళ ఇంటికెళ్ళి చెప్తా నీ సంగతి అనుకుంటూ. రెండడుగులు వేశాక గుర్తొచ్చింది. మళ్ళీ వచ్చి ఆ బల్ల మీదే కూర్చుంది.