పులుపు తగ్గించిన అయిదు సీసాలు

మా వీధిలో ఆమెను చిన్నా పెద్దా అందరూ సీసాలత్త అనేవారు. నేతమిల్లులో బట్ట మడతపెట్టే గదిలో ముప్పై ఏళ్ళు నిలబడి పనిచేసి, మోకాళ్ళు మొరాయించాక మానేసింది. ఇంటి వెనక నాలుగు మంచాలు పట్టేంత జాగా ఉంది. అందులో కంచె మీదికి చిక్కుడు పాకించింది, లోపల టమాటాలు వేసింది. ఇంట్లో ఆమె, కూతురు, అల్లుడు. ముగ్గురూ పూటపూటా తిన్నా తరగనంత కాసేది. పారేయడం ఆమెకు చేతకాదు. ఉన్నదంతా సీసాల్లో పెట్టి వీధికి పంచేది.

ఆ పని ఆమెకు ఎవరూ నేర్పలేదు. మొదట్లో సీసాలు పగిలాయి, బూజు పట్టాయి, ఒకసారి మూత ఎగిరి వంటింటి గోడంతా టమాటా అయింది. పాడైన ప్రతి సీసా ఎందుకు పాడైందో తెలిసేదాకా వదల్లేదు. సీసా అంచున ఉప్పురవ్వ అంత ఉన్నా మూత పట్టదని, పైన వేలు వెడల్పు ఖాళీ ఉంచాలని, ఒకసారి వాడిన మూత మళ్ళీ వాడకూడదని అలాగే తెలుసుకుంది. నింపిన సీసాలను పెద్ద గంగాళంలో నీళ్ళలో ముంచి ఉడికించేది. బయటపెట్టి చల్లారుతుంటే మూతలు ఒక్కొక్కటీ లోపలికి లాక్కుని టక్‌మనేవి. పక్క గదిలో బట్టలు సర్దుకుంటూనే ఆ చప్పుళ్ళు లెక్కపెట్టుకునేది. ఒకటి తగ్గితే వచ్చి చూసేది.

చిక్కుళ్ళకు గ్లాసు నీళ్ళకు గ్లాసు వెనిగర్. ఇందులో మాత్రం మాట వినేది కాదు.

"కాస్త పులుపు తగ్గించరాదూ అత్తా, పళ్ళు జివ్వుమంటున్నాయి," అని ఎవరైనా అంటే, "పళ్ళు జివ్వుమంటే రేపు కూడా పళ్ళుంటాయి. తిను," అనేది.

వీధి చివర దర్జీ కొట్టు ఉంది. దర్జీ ఆమెను అక్కా అని పిలిచేవాడు. "మా అక్క ముందు అయిదు నిమిషాలు కదలకుండా కూర్చోకండి, సీసాలో పెట్టి మూత బిగిస్తుంది," అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు. ఆ ఏడు అతనికి కడుపులో పుండు పడింది. డాక్టరు పులుపు, కారం మానమన్నాడు. రెండు నెలల్లో మనిషి సగమయ్యాడు.

ఒకరోజు అతని భార్య వచ్చి గుమ్మంలోనే నిలబడింది. "వదినా, ఆయన ఏదీ ముట్టడం లేదు. నీ చిక్కుళ్ళే అడుగుతున్నాడు. పులుపు లేకుండా ఒక్కసారి చేసిపెట్టవూ?"

సీసాలత్త వెంటనే ఔననలేదు. తాజా కాయలు ఉడికించి పెట్టమని చెప్పింది. అవీ పెట్టానని, ఆ రుచి వేరంటున్నాడని దర్జీ భార్య కళ్ళు తుడుచుకుంది. మర్నాడు అత్త అయిదు సీసాలు విడిగా పెట్టింది. వెనిగర్ నాలుగో వంతే పోసింది. తగ్గించిన పులుపుకు బదులుగా రెట్టింపు సేపు ఉడికించింది. అది చాలుననుకుంది. మూతలు అయిదూ టక్‌మన్నాయి. నెల రోజులు అలమరలో ఉంచి చూసింది. మూత ఉబ్బలేదు, నీరు మసకబారలేదు. తీసుకెళ్ళి ఇచ్చింది.

ఇచ్చిన నాలుగో రోజు బుధవారం. దర్జీ భార్య వాళ్ళ ఇంటి గేటు దగ్గర కనిపించింది, ఆసుపత్రి నుంచి బట్టల కోసం వచ్చిందట.

"నిన్న పొద్దున సూదిలో దారం ఎక్కిస్తూ, సూది రెండుగా కనబడుతోందేమిటే అన్నాడు వదినా. సాయంత్రానికి రెప్పలు వాలిపోయాయి. మాట ముక్కులోంచి వస్తోంది. మంచినీళ్ళు కూడా దిగడం లేదు. జ్వరం లేదు, ఏం లేదు. పక్షవాతమేమో అంటున్నారు."

సీసాలత్త చెయ్యి గేటు మీదే ఉండిపోయింది. కొత్త మూతల పెట్టెతో పాటు ప్రతి ఏడూ ఒక కాగితం వచ్చేది. చూపు రెండుగా చీలడం, రెప్పలు వాలడం, మింగుడుపడకపోవడం అని అందులో వరసగా ఉండేది. పులుపు చాలని సీసాలో వాసన కూడా రాకుండా విషం పుడుతుందని ఉండేది. ఆ కాగితం ఆమెకు కంఠతా వచ్చు.

"నువ్వు తిన్నావా?" అని మాత్రం అడిగింది.

"ఏవి, చిక్కుళ్ళా? పులుపు లేకపోతే నాకు దిగవు. ఆదివారం ఒక సీసా ఆయనొక్కడే ఊడ్చేశాడు. ఒకటి ఇంట్లో ఉంది. మూడు పంచాడు. మా అక్క నాకోసం ప్రత్యేకంగా చేసిందని ఒకటే గొప్ప."

"ఎవరెవరికి?"

"మంగలి ఇంటికొకటి, ఇస్త్రీ ఆవిడకొకటి, వెనక వీధి టీచరమ్మకొకటి. ఎందుకు వదినా?"

అక్కడే ఒక్క మాట చెబితే సరిపోయేది. ఆమె చెప్పలేదు. "ఏం లేదు, నువ్వు పద, ఆలస్యమవుతుంది," అంది.

ముందు సీసాలు తేవాలనుకుంది. దర్జీ ఇంట్లోది అప్పుడే అడిగి తీసుకుంది. మంగలి ఇంట్లోది తెరవలేదు. ఇస్త్రీ ఆవిడ, కోడలు వచ్చాక తెరుద్దామని పెట్టె అడుగున దాచింది. అన్నీ తీసి వెతికేసరికి గంట పట్టింది. టీచరమ్మ ఇంటికి తాళం. కాళ్ళు ఈడ్చుకుంటూ బడికి వెళ్ళేసరికి భోజనాల వేళయింది. టీచరమ్మ మూత తీసిన క్యారేజీ ముందు కూర్చుని ఉంది. అందులో చిక్కుళ్ళు.

"తిన్నావా?"

"ఇంకా లేదు, ఇప్పుడే చెయ్యి కడుక్కుని కూర్చున్నాను పిన్నిగారూ. ఇంత దూరం వచ్చారేం, సీసా కోసమా? కడిగి ఇస్తాలెండి!"

సీసాలత్త క్యారేజీ లాక్కుంది. "ఇందులో విషం ఉండొచ్చు. దర్జీ ఇవే తిని ఆసుపత్రిలో ఉన్నాడు."

టీచరమ్మ లేచి నిలబడింది. "మరి డాక్టరుకు చెప్పారా?"

"సీసాలు..."

"సీసాలు తర్వాతండీ! మాకు ఒక ఫోను చేస్తే సరిపోయేదిగా!"

ఆసుపత్రికి చేరేసరికి మూడు దాటింది. డాక్టరు కుర్రవాడు. ఆమె కొలతలతో సహా చెప్పిందంతా రాసుకుని, రెండు మూడు చోట్లకు ఫోన్లు చేశాడు. విరుగుడు మందు అక్కడ లేదు. పెద్దాసుపత్రి నుంచి మందులు తెచ్చే మధ్యాహ్నం బండి అప్పటికే అక్కడ బయల్దేరిపోయింది. మందు మర్నాడు వచ్చింది. ఆసుపత్రిలో చేరిన తొమ్మిదో రోజున దర్జీ పోయాడు. చివరిదాకా స్పృహ ఉంది, రెప్పలు మాత్రం ఎత్తలేకపోయాడు.

"పొద్దున్నే చెప్పి ఉంటే బతికేవాడా?" అని ఆమె డాక్టరును అడిగింది.

"చెప్పలేమమ్మా," అన్నాడతను. కాదని మాత్రం అనలేదు.

ఆరోగ్య శాఖ గుమాస్తా కాగితాలతో ఇంటికి వచ్చాడు. అల్లుడు గబగబా కుర్చీ వేశాడు. "ఏ హోటల్లో ఏం తిన్నాడో ఎవరికి తెలుసండీ? కారణం తెలియదని రాసుకోండి. అత్తయ్యా, మీరు లోపలికి వెళ్ళండి."

ఆమె వెళ్ళలేదు. మిగిలిన సీసాలు బల్ల మీద పెట్టింది. "రాయి బాబూ. సగానికి సగం పోయాల్సిన చోట నాలుగో వంతు పోశాను. తెలిసే పోశాను. ఎంతసేపు ఉడికించానో కూడా రాయి, ఇంకొకరు అది చాలుననుకోకుండా."

అల్లుడు ఆ వారమంతా ఆమెతో మాట్లాడలేదు. వీధిలోవాళ్ళు పాత సీసాలన్నీ తెచ్చి ఆమె గేటు బయట పెట్టి వెళ్ళారు, టమాటావి, సరైన పులుపువి కూడా. ఆమె అన్నీ మరగబెట్టి గొయ్యి తీసి పోసింది.

నెల గడిచాక దర్జీ భార్య వచ్చింది. ఈసారి లోపలికి వచ్చి కూర్చుంది.

"పులుపు వద్దని అడిగింది నేనే కదా వదినా," అంది. "ఎవరితోనూ అనలేదు. రోజూ అదే తొలిచేస్తోంది."

"నీకేం తెలుసని అడిగావు? నాకు తెలుసు. తెలిసీ నీ ఏడుపు చూడలేక చేశాను." అత్త ఆగలేదు. "ఇంకోటుంది. ఆ బుధవారం గేటు దగ్గర నువ్వు చెబుతుండగానే నాకు అర్థమైంది. నీ మొహం చూసి చెప్పలేకపోయాను. సీసాల కోసం తిరిగాను. ఆ పూటంతా పోయింది."

దర్జీ భార్య తలెత్తింది. ఆ సంగతి ఆమెకు అంతవరకూ తెలియదు.

కూతురు టీ తెచ్చి ఇద్దరి మధ్యా పెట్టింది. దర్జీ భార్య గ్లాసుకేసి చూసింది, ముట్టుకోలేదు. లేచి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది.

సీసాలత్త ఆ టీ తీసుకెళ్ళి పారబోసి, గ్లాసు కడిగి బోర్లించింది.