అప్పన్న రాయికి రెండు బస్సులు, ఒక పాసింజరు

ఒక పక్క ప్రభుత్వం. ఇంకో పక్క సగం ప్రపంచానికి మందులమ్మే కంపెనీ. వాటికి ఎదురుగా, ఉప్పుగాలికి రొమ్ము విరుచుకుని నిలబడ్డ మా ఎర్రయ్య మావ. సముద్రం సాక్షిగా సాగిన ఆ మహాసంగ్రామాన్ని ఇప్పుడు మీకు ఆమూలాగ్రంగా వినిపిస్తాను.

అంత లేదు. రెండు బస్సులు, కొన్ని ఆటోలు, ఒక పాసింజరు రైలు ఉన్నాయి. మావ రొమ్ము విరుచుకున్న మాట కూడా అబద్ధం. బస్సులో సీటు దొరక్క నడుం పట్టేసింది. అయినా రేపు మీ ఊరి వాళ్ళు కూడా ఇలాంటి సాక్ష్యానికి బయల్దేరవచ్చు. వాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నాను.

ముందు సంగతి చెప్పాలి. మా తీరాన ఒక మందుల ఫ్యాక్టరీ ఉంది. దాని మురుగునీరు ఒక గొట్టంలోంచి సముద్రంలోకి పోతుంది. గొట్టం పడ్డాక వలకి చేప తగ్గింది, వల లాగిన చేతులకి దురద పెరిగింది. మా ఊరూ పక్క ఊరూ కలిసి మా బతికే హక్కు పోతోందని హైదరాబాదులో హైకోర్టుకి వెళ్ళాయి. అనుమతులిచ్చినందుకు ఒకటో ప్రతివాది ప్రభుత్వం. నాలుగో ప్రతివాది కంపెనీ. దాని హెడ్డాఫీసు ఏ దేశంలో ఉందన్న విషయంలో మా ఊళ్ళో ఇప్పటికీ రెండు పార్టీలున్నాయి.

కంపెనీ జవాబు ఒక్కటే: గొట్టం చివర ఉన్నచోట వట్టి ఇసక, అక్కడ ఎవరూ వేట చేయరు. అది వట్టి ఇసక కాదు. అక్కడ నీటి అడుగున రాళ్ళగుట్ట ఉంది, చేప దాన్ని పట్టుకుని ఉంటుంది. కనిపెట్టింది మావ వాళ్ళ తాత అప్పన్న కాబట్టి దాని పేరు అప్పన్న రాయి. ఎక్కడుందో చెప్పాల్సింది మావే.

చిక్కల్లా ఆ చెప్పడంలోనే ఉంది. మావాళ్ళు సముద్రంలో చోటుని ఒడ్డు చూసి పట్టుకుంటారు. ఒడ్డు మీద ఏ వస్తువు ఏ కొండ మీదకి వస్తే మనం రాయి మీదకి వచ్చినట్టో, దాన్ని గురుతు అంటారు. తండ్రి ఆ గురుతుని పడవలో కొడుక్కి వేలితో చూపిస్తాడు. నోటితో చెప్పడు. చెబితే చేప లేచిపోతుందట. మావకి కొడుకులు లేరు, మేనల్లుణ్ణి నేనున్నాను. నేను మూడుసార్లు బోటెక్కాను, మూడుసార్లూ తిన్నదంతా చేపలకి పెట్టి వచ్చాను. కాబట్టి నాకు చూపించలేదు.

పాత నోట్లు రద్దయిన మరుసటి ఏడాది, మే నెల. హైకోర్టుకి వేసవి సెలవులు, మాకు వేట నిషేధం. ఇద్దరికీ ఒకేసారి ఖాళీ దొరికింది. కోర్టు ఒక పెద్ద లాయరుని కమిషనరుగా వేసింది. ఆయన విజయనగరంలో కూర్చుని సాక్షుల మాట రాసుకుని కోర్టుకి పంపుతాడు. మా తరఫున మావ, పక్క ఊరి తరఫున పోలయ్య బాబాయ్. ఇంగ్లీషు చదవగలనన్న అపవాదు వల్ల ఫైలు మోసే పని నాకు పడింది.

పొద్దున్న అయిదూ నలభైకి షేర్ ఆటో ఎక్కాం. ఆరున్నరకి నరసన్నపేట. బస్టాండు ఎదురుగా ఇడ్లీ తిన్నాం. చట్నీ కోసం రెండోసారి అడగక్కర్లేదు, వాళ్ళే పోస్తారు. ఏడుంబావు శ్రీకాకుళం బస్సులో ఇద్దరికి సీటు దొరికింది. మావ నిలబడ్డాడు. శ్రీకాకుళం కాంప్లెక్సులో విజయనగరం బస్సు పట్టుకునేసరికి ఎనిమిదింబావు.

అందులో మా పక్కన ఒక రైతు కూర్చున్నాడు, ఒళ్ళో విత్తనాల సంచి. మావ ఇస్త్రీ చొక్కా వంక చూసి పలకరించాడు.

“పెళ్ళికేటి బావూ?”

“కేసుకి,” అన్నాడు పోలయ్య బాబాయ్.

“ఎవలి మీద?”

“గవర్నమెంటు మీద.”

రైతు సంచి దగ్గరికి లాక్కున్నాడు. “గట్టు తగువేటి?”

“సముద్రం తగువు.”

“ఓర్నాయినో, సముద్రానికి గట్టెక్కడున్నాది? మీది ఇదీ, ఆలది అదీ అని ఏటి సూపిస్తారు?”

మా లాయరమ్మ ఆర్నెల్లుగా ఇంగ్లీషులో చెబుతున్న ఇబ్బందిని ఆయన రణస్థలం దాటకముందే తేల్చేశాడు. మావ కిటికీ వైపు తిరిగాడు. దిగేటప్పుడు రైతు ఆయన చేతిలో రెండు మామిడికాయలు పెట్టి, “గట్టిగా సెప్పండి బావూ, నసగకండి,” అని పోయాడు.

పది గంటలకి విజయనగరం. ఆటోవాడికి కోట దగ్గర గెస్ట్ హౌసు అంటే చాలు. హాల్లో ఒక పొడుగు బల్ల. దాని వెనక కమిషనరు గారు, టైపిస్టు. ఒక పక్క ప్రభుత్వ లాయరు, కంపెనీ లాయరు. ఇంకో పక్క మా లాయరమ్మ. ఏసీ కంపెనీ లాయరు వైపుకి తిరిగి ఉంది. ఇందులో కుట్రేమీ లేదు, రెక్క విరిగిపోయింది.

పోలయ్య బాబాయ్‌ని ముందు పిలిచారు. చేపల గురించి, దురద గురించి చక్కగా చెప్పాడు. అప్పుడు కంపెనీ లాయరు మెత్తగా అడిగాడు.

“ఆ రాయి ఎక్కడుంది?”

బాబాయ్ మావ వైపు చూశాడు. మావ తన చెప్పుల వైపు చూశాడు.

“అది నాను సెప్పే మాట కాదండి.”

“చెప్పలేకపోయాడని రాసుకోండి,” అన్నాడు కంపెనీ లాయరు. టైపిస్టు రాసేసుకున్నాడు.

మధ్యాహ్నం భోజనం హోటల్లో మా లాయరమ్మ సాంబారు కలుపుతూ మావతో నెమ్మదిగా అంది. “చోటు రికార్డులోకి రాకపోతే వాళ్ళన్నదే నిలబడుతుంది, ఎర్రయ్య గారూ. వట్టి ఇసక అనే.”

“నాను సెప్తే ఎవులెవులికి తెలుస్తాది?”

“మూడు కాపీలు తీస్తారు. కోర్టుకి ఒకటి, వాళ్ళకొకటి, మనకొకటి.”

మావ లెక్క చూసుకున్నట్టు తలాడించాడు. అన్నం సగం వదిలేశాడు. నేను జన్మలో మొదటిసారి జోకు వేయకుండా పెరుగు తిన్నాను.

రెండున్నరకి మావ వంతు వచ్చింది. కంపెనీ లాయరు అక్షాంశం, రేఖాంశం చెప్పమన్నాడు.

“అయ్యేటి బావూ?”

“పోనీ, ఒడ్డు నుంచి ఎన్ని కిలోమీటర్లు?”

“నీటి మీద కిలోమీటరు రాయి పాతరు గదండీ.”

కమిషనరు గారు పెన్ను పక్కన పెట్టి, “మీరెలా వెళతారో అలాగే చెప్పండి,” అన్నారు.

మావ ఇస్త్రీ చొక్కా చేతులు పైకి మడిచాడు. తర్వాత కమిషనరు వైపు కాదు, నా వైపు తిరిగాడు.

“అల్లుడా, ఇలా రా.”

వెళ్ళి పక్కన నిలబడ్డాను. నా భుజం పట్టుకుని గోడకేసి తిప్పాడు. గోడ మీద పోయినేడాది క్యాలెండరు తప్ప ఏమీ లేదు. మావ కుడిచెయ్యి చాచి వేలు పెట్టాడు.

“మనం బోట్లో ఉన్నాం, ఒడ్డుకేసి తిరిగున్నాం. ఎడం పక్కన జోడుకొండ సూడు. రెండు శిఖరాల నడిమిన పల్లం ఉన్నాది గదా, అందులోకి రావాల.”

“ఏం రావాలి?” అన్నారు కమిషనరు గారు.

“మా తాత కాలంలో ఒంటితాడి సెట్టు ఉండీది బావూ. తుపానుకి పడిపోనాది. ఇప్పుడైతే…” మావ తల గోక్కున్నాడు. “ఈ బావు గారి కంపెనీ పొగగొట్టం.”

టైపిస్టు చేతులు ఆగిపోయాయి. మా లాయరమ్మ నవ్వుకి ఫైలు అడ్డం పెట్టుకుంది. ఇన్నాళ్ళుగా ఎవరి మీద కేసు ఆడుతున్నామో, వాళ్ళ పొగగొట్టం చూసుకునే మావ చేపలు పడుతున్నాడు.

“ఏటి సేస్తాం? ఎత్తుగా ఉన్నాది, నిటారుగా ఉన్నాది, సారలు కూడా ఏసున్నారు,” అన్నాడు మావ నాకు సంజాయిషీ ఇస్తున్నట్టు. “కుడి పక్కన మన ఊరి నీళ్ళ టాంకీ. దాని ఎనకాల బోడికొండ కొన. టాంకీ ఆ కొనని మూసేయాల. ఈ రెండూ ఒక్కపాలి కుదిరినకాడ సీసం గుండు ఎయ్యి. పదారు బారల లోతు. గుండుకి మైనం రాసి ఎయ్యి. ఇసకైతే అంటుకుంటాది. అక్కడ అంటదు, గీత పడతాది. అదీ అప్పన్న రాయి.”

కంపెనీ దాఖలు చేసిన మ్యాపునే కమిషనరు గారు బల్ల మీద పరిచారు. కొండలున్నాయి, టాంకీ ఉంది, పొగగొట్టాన్ని వాళ్ళే ముచ్చటగా ఎర్ర చుక్క పెట్టి చూపించారు. స్కేలు లేక మా ఫైలు అంచు అడిగి తీసుకున్నారు. మోసినందుకు ఆ ఫైలు నాకు చేసిన ఏకైక మేలు అది. పల్లం నుంచి పొగగొట్టం మీదుగా ఒక గీత, కొండ కొన నుంచి టాంకీ మీదుగా ఒక గీత. రెండూ సముద్రంలో కలిశాయి. మురుగు గొట్టం చివరకీ ఆ చోటుకీ మధ్య మ్యాపులో నా చిటికెన వేలి గోరు పట్టేంత ఖాళీ ఉంది. అంతే.

కంపెనీ లాయరు అభ్యంతరం నమోదు చేయమన్నాడు. తర్వాత మంచినీళ్ళు తాగాడు. ప్రభుత్వ లాయరు మ్యాపుని తలకిందులుగా తిప్పి చూశాడు, అలా చూసినా గీతలు అక్కడే ఉన్నాయి.

టైపిస్టు రాసింది చదివి వినిపించాడు. మావ కళ్ళు మూసుకుని విన్నాడు. “టాంకీ కొన ఎనకాల కాదు, ముందు,” అని ఒకచోట దిద్దించాడు. తర్వాత ఒక్కో అక్షరం నిలబెడుతూ సంతకం చేశాడు. మూడు తరాలుగా ఒక్కొక్కరికే తెలిసిన మాట అది. చేప లేచిపోతుందన్న భయం ఉండి కూడా మావ దాన్ని రెండు ఊళ్ళ కోసం బల్ల మీద పెట్టాడు. నేను ఫైలు తాడు విప్పి మళ్ళీ కట్టాను. అది అంతకుముందే సరిగ్గా ఉంది.

నాలుగూ యాభైకి పాసింజరు. విజయనగరం స్టేషన్లో టిక్కెట్ల వరస చూసి భయపడకండి, తొందరగానే కదులుతుంది. ముగ్గురికీ కిటికీ పక్కన చోటు దొరికింది. మామిడికాయలు రైల్లోనే కోశాం. గరివిడిలో బండి ఆగినప్పుడు అక్కడి ఫ్యాక్టరీ పొగగొట్టం కనబడింది. మావ మెడ సాచి దాని వెనక ఏ కొండ వస్తుందా అని చూస్తున్నాడు.

“ఇక్కడ సముద్రం లేదు మావా.”

“అలవాటురా.”

చీపురుపల్లి దాటాక పోలయ్య బాబాయ్ మామిడి టెంక కిటికీలోంచి విసిరి గొంతు సవరించుకున్నాడు.

“ఎర్రయ్య బావా, కోపం పడకు. ఆ గురుతు మా అయ్యకి తెలుసు. పాతికేళ్ళుగా మేం కూడా అక్కడే ఏస్తన్నాం.”

నేను మావ మొహం చూశాను. నడిరైల్లో మరో కేసు తయారవుతుందనుకున్నాను.

“తెలుసులే,” అన్నాడు మావ. “నీ గేలాలు నా వలకి తగల్లేదేటి?”

“మరి నువ్వు పొద్దున్నే చెప్పేయొచ్చు కదా బాబాయ్!” అన్నాను. “అక్కడ మా ప్రాణాలు పోయాయి.”

బాబాయ్ నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు. “ఆల తాత రాయి. ఆడుండగా నాను సెప్తానేటిరా?”

మావ మిగిలిన మామిడికాయలో పెద్ద ముక్క కోసి బాబాయ్ చేతిలో పెట్టాడు. “పోనీలే, ఇంకనుంచి కలెక్టరు గారు కూడా ఏసుకోవచ్చు,” అన్నాడు. ఇద్దరూ నవ్వారు. ఎదురు సీట్లో పాప కూడా ఎందుకో తెలియకుండా నవ్వింది.

ఆమదాలవలసలో దిగాం. అక్కడి నుంచి మూడు ఆటోలు మారాం. ఒడ్డు దగ్గర దిగేసరికి చీకటి పడింది గానీ వెన్నెలుంది. అప్పుడు చూశాను. జోడుకొండ, పల్లం, టాంకీ, పొగగొట్టం. చిన్నప్పటి నుంచీ అక్కడే ఉన్నాయి. సముద్రంలోకి వెళ్ళలేని నాకు ఇప్పుడు అప్పన్న రాయి ఎక్కడుందో తెలుసు. కోర్టుకీ తెలుసు, ప్రభుత్వానికీ తెలుసు, ఏ దేశందో తెలియని ఆ కంపెనీకీ తెలుసు. కేసు ఇంకా నడుస్తోంది. మురుగు గొట్టం ఇంకా ఉంది. కానీ అక్కడ వట్టి ఇసకేనని ఇక ఎవరూ రాయలేరు.

సాక్ష్యం కాపీ తీసుకోవడానికి వెళ్ళేవాళ్ళకి ఒక మాట: గెస్ట్ హౌసు ఎదురుగా ఉన్న జెరాక్స్ షాపు ఒంటిగంట నుంచి మూడు దాకా మూసి ఉంటుంది. స్టేప్లరు వాళ్ళ దగ్గర లేదు, మీరే తెచ్చుకోండి.