పళ్లెంలో బతికిన కణాలు

గద్వాలలో మా నాయిన చీరలు నేసేవాడు. గుంట మగ్గంలో కాళ్లు దించి కూర్చుని పొద్దంతా చెక్కలు తొక్కేవాడు. షుగర్ వచ్చాక పాదాలకు తిమ్మిరి పట్టింది. ఏ చెక్క మీద కాలు పడిందో తెలియక వంగి చూసుకునేవాడు.

రెండు వేల సంవత్సరం దాటిన తొలినాళ్లు. నేను హైదరాబాదులో బయోకెమిస్ట్రీ ఎమ్మెస్సీ చదువుతున్నాను. రక్తనాళాల లోపలి పొరలో ఉండే కణాలను చిన్న పళ్లేల్లో పెంచడం నా ప్రాజెక్టు పని. ముందుగా ద్రాక్షగింజల సారం వేసిన పళ్లెంలో, తర్వాత కణాలను చంపే పెరాక్సైడ్ పోసినా చాలా కణాలు నిలిచేవి. సారం వేయని పళ్లెంలోవి ముడుచుకుపోయి, అడుగు వదిలి తేలేవి. సెలవులకు వచ్చినప్పుడు నాయిన అడిగితే ఇదంతా చెప్పాను.

అమ్మ తమ్ముడు, మా మామ, అప్పట్లో ఏదో కంపెనీ వాళ్లు ద్రాక్షగింజల సారం కలిపిన పండ్లరసం సీసాలు పట్టుకుని మల్దకల్, ఇటిక్యాల ఊళ్లు తిరిగి అమ్మేవాడు. "నరాలన్నీ కడిగినట్లయితయి బావా. ఇగ షుగర్ గోలీలతోటి పనేముంది?" అన్నాడు.

"గోలీలు బంద్ చెయ్యకు నాయినా. ఆ రసంల చక్కెర గూడ ఉంటది," అన్నాను.

"నువ్వు చదివేది గూడ గిదే గద బిడ్డా? పనిచేస్తదా, చెయ్యదా? ఒక్క మాట చెప్పు," అన్నాడు నాయిన.

"చెయ్యొచ్చు. పళ్లెంల కణాలు వేరు, మనిషి వేరు. మనుషుల్ల ఇంకా తెల్వదు."

నాయిన నవ్వి, మామ చేతిలోని సీసా అందుకున్నాడు. నేను వెళ్లాక గోలీలు మానేశాడు. అమ్మకూ తన తమ్ముడి మాట మీదే గురి, నాకు కబురైనా చేయలేదు.

మగ్గం చెక్కకున్న మేకు బొటనవేలికి గుచ్చుకుంటే నాయినకు నొప్పే తెలియలేదు. వేలు నల్లబడ్డాక కర్నూలు తీసుకెళ్లారు. అక్కడి దవాఖానలో సగం పాదం తీసేశారు. కాలికి నెత్తురు అందడం లేదని, ముందే వచ్చుంటే వేలితో పోయేదని డాక్టర్ అన్నాడు.

మామ చూడటానికొచ్చాడు, సంచిలో ఇంకో సీసాతో. నాకు ఒళ్లు మండిపోయింది. "ఇంకా సిగ్గు రాలేదా మామా?" అన్నాను.

నాయిన నా మీద కసిరాడు. "వాన్ని అనకు. వాడు తగ్గుతదని చెప్పిండు. నువ్వేం చెప్పినవ్? చెయ్యొచ్చు, తెల్వదు. గసొంటి మాట పట్టుకొని మనిషెట్ల బతుకుతడు?"

మామ మంచం అంచున కూర్చుని బత్తాయి ఒలిచి తొనలు నాయిన చేతిలో పెడుతున్నాడు. నాయిన తింటున్నాడు.

ఇంటికొచ్చాక మగ్గం గుంట పూడ్పించి దాని మీదే మంచం వేశాం. నాయిన ఇరుగుపొరుగు నేతగాళ్లకు కండెలకు నూలు చుట్టిచ్చేవాడు. ఆ ఏడాది నా ప్రాజెక్టుకు క్లాసులో అందరికంటే ఎక్కువ మార్కులు వచ్చాయి. ఇంట్లో ఎవరికీ చెప్పబుద్ధి కాలేదు.