టైపు చేయనన్న టైపిస్టు

నిన్న నాంపల్లిలో బస్సు దిగగానే టైపు మిషను చప్పుడు వినబడింది. ఈ రోజుల్లో కూడా ఎవరో కొడుతున్నారు. ఆ టకటకలకు నర్సింగరావుగారు గుర్తొచ్చి, రోడ్డు దాటకుండా కాసేపు అక్కడే నిలబడిపోయాను. ముప్పై ఏళ్ళ కిందట విద్యాశాఖ కార్యాలయం ఎదుట రేకుల నీడన కూర్చుని అర్జీలు టైపు చేసేవారాయన.

మా అమ్మాయి లలితకు గన్‌ఫౌండ్రీలోని ఒక బడివాళ్ళు ఒకటో తరగతిలో సీటు లేదన్నారు. వాళ్ళు అడిగినవన్నీ పిల్ల చెప్పింది. దరఖాస్తులో తండ్రి చదువు అన్నచోట నేను ‘బడికి వెళ్ళలేదు’ అని రాశాను. పదో తరగతి అని రాసి పారేయమని మా ఆవిడ చెప్పినా వినలేదు. ఇంట్లో చదువు చెప్పేవాళ్ళు లేరు గనుక చేర్చుకోలేమని చీటీ రాసిచ్చారు. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. అబిడ్స్ బట్టల కొట్లో చీరలు మడతపెడుతూ, ఎదుటి దుకాణాల బోర్డులు చూసి అక్షరాలు కూడబలుక్కున్నవాణ్ణి నేను. అది చదువు కాదా?

ఆ కోపమంతా నాలుగు పేజీలు రాసి, పై అధికారికి ఇవ్వాలి, టైపు చేయమని నర్సింగరావుగారి ముందు పెట్టాను. ఆయన ఆసాంతం చదివి, మిషను మీద గుడ్డ కప్పేశారు.

“నేను కొట్ట.”

“తప్పులున్నాయాండీ?”

“తప్పులు లేవు, తిట్లున్నయి. బిడ్డ పేరు నాలుగో పేజీల వచ్చింది. సీటు ఎవలకు కావాలె, నీకా, బిడ్డకా?”

నాలుగో పేజీ తీసి చూసుకున్నాను.

“నేను కొడితే ఎవలో చదువుకున్నోడు రాసిచ్చిండనుకుంటరు. గీ పీట మీద కూసొని నీ చేత్తోనే రాయి. బిడ్డ సంగతి ముందు. జర తిట్లు మింగు.”

“ఒక్కటైనా ఉంచుకోనా అండీ?”

“ఇంటికి పోయినంక గోడకు చెప్పుకో.”

ఒక్క పేజీ రాశాను. లోపల అధికారిగా ఉన్న పెద్దావిడ బడివాళ్ళ చీటీనీ నా అర్జీనీ పక్కపక్కన పెట్టుకున్నారు.

“ఇంట్ల చదువు చెప్పేటోళ్ళు లేరంటున్నరు. మరి ఇది ఎవరు రాసిన్రు?”

“నేనేనండి.”

తెల్లకాగితం నా వైపు జరిపారు. “నా ముందట ఒక లైను రాయండి.”

‘మా లలిత చదువుకుంటుంది’ అని రాశాను. ఆవిడ నవ్వి, పిల్లను చేర్చుకోమని దాని కిందే రాసి సంతకం చేశారు.

బయటికొచ్చి చెబితే నర్సింగరావుగారు లేచి నిలబడి, వరసలో ఉన్న టైపిస్టులందరికీ వినబడేలా అన్నారు: “చూసిన్రా, గీ అర్జీ నేను కొట్టలే.” అందరికీ చాయ్ తెప్పించారు. ఏ అర్జీ కొట్టినందుకూ ఆయన అంత గర్వపడి ఉండరు.

నా కోపం ఈనాటికీ తగ్గలేదు. మా వీధివాళ్ళ కోసం వారానికొక అర్జీ రాస్తూనే ఉంటాను, చేత్తోనే. అన్యాయం ఎవరికి జరిగిందో వాళ్ళ పేరు మొదటి లైనులో పడేదాకా మాత్రం నా కోపాన్ని గుమ్మం బయటే నిలబెడతాను.