దగ్గరి దారి

మా టికెట్ల ఆఫీసులో అందరూ ఆవిడని గంటలక్క అంటారు. ఏ ఊరి నుంచి ఏ ఊరికి ఎంత దూరమో, ఎన్ని గంటలు ఎగరాలో కంప్యూటరు తెరుచుకునేలోపే నోటితో చెప్పేసేది. పొద్దస్తమానం ఫోనులో అదే పని. సాయంత్రానికి మెడ పట్టేసి, గొంతు బొంగురుపోయి, ఇంట్లోవాళ్లతో మాట్లాడే ఓపిక కూడా మిగిలేది కాదు. ఒక్కసారైనా విమానమెక్కావా అని నేనడిగితే, ఎక్కేవాళ్లని ఎక్కించడానికే తీరిక లేదనేది.

ఆవిడకో చాదస్తం ఉంది. ఎవరడిగినా తక్కువ గంటల ప్రయాణమే అంటగట్టేది. మధ్యలో దిగి, కుర్చీల్లో కునికిపాట్లు పడి, ఇంకో విమానం పట్టుకోవడం మనిషిని పిండేస్తుందని ఆవిడ వాదన. పక్క కుర్చీలో ఆ పాఠం విని విని నా చెవులు చిల్లులు పడ్డాయి.

ఆవిడ చెల్లెలు తొమ్మిది వేల కిలోమీటర్ల అవతల నర్సుగా చేసేది. చూడటానికి వెళ్లాలని గంటలక్క కాగితాలన్నీ ఎప్పుడో సిద్ధం చేసుకుంది గానీ, సెలవే కుదిరి చావలేదు. ఒకరోజు మధ్యాహ్నం ఆ చెల్లెలి మొగుడు, అంటే ఆవిడ మరిది, ఫోన్ చేశాడు. చెల్లెలికి జబ్బు ముదిరిందనీ, తెలివిలోనే ఉందనీ, అక్క కావాలంటోందనీ చెప్పాడు. గంటలక్క వెంటనే తెర మీద వెతికింది. అలవాటైన చేతులు అలవాటైన పనే చేశాయి. మర్నాడు రాత్రి బయల్దేరి, ఎక్కడా ఆగకుండా పదకొండు గంటల్లో దింపే విమానంలో సీటు పట్టుకుంది. ఇంతకంటే దగ్గరి దారి లేదని మరిదికి చెప్పింది. ఆఫీసు నిండా ఇదే పని చేసేవాళ్లం ఉన్నాం, ఒక్కడికీ బుర్ర వెలగలేదు. అందరం తలూపాం.

విమానం కోసం కూర్చున్నప్పుడు గానీ ఆవిడకి తట్టలేదట. మరిది ఫోన్ చేసిన సాయంత్రమే, రెండు చోట్ల ఆగి వెళ్లే విమానం ఒకటి ఉంది. ఇరవై రెండు గంటలు పడుతుంది. అయినా ఈవిడ ఇక్కడ గుమ్మం దాటకముందే అది అక్కడ దిగిపోయింది. మరీ ఇన్ని గంటలా అని ఆవిడే దాన్ని పక్కన పెట్టింది.

ఆవిడ చేరేసరికి చెల్లెలికి తెలివి తప్పింది. అంతకుముందు దాకా, అక్క దిగిందా అని అడుగుతూనే ఉందట. మరిది ఆ మాట చెప్పకుండా ఉండాల్సింది. నాకు అతని మీద ఇప్పటికీ కోపమే. గంటలక్క ఆ చెయ్యి పట్టుకుని కూర్చుంది, చెల్లెలు మళ్లీ కళ్లు తెరవలేదు.

తిరిగొచ్చి అదే కుర్చీలో కూర్చుంది. దూరాలన్నీ ఇప్పటికీ నోటికొచ్చు. నిన్న ఒకాయన ఫోన్ చేసి, ఫలానా ఊరికి ఎన్ని గంటల ప్రయాణమని అడిగాడు. ఆవిడ నీరసంగా అంది:

"గంటల సంగతి తర్వాత చూద్దాం బాబూ. అక్కడ మీకోసం ఎవరైనా ఎదురు చూస్తున్నారా?"