బెల్టుల పేజీలో ఒకావిడ

ఇంటికి ఎవరైనా వస్తే ఎందుకొచ్చారని మా బావగారు చచ్చినా అడగరు. వెళ్ళేటప్పుడు మాత్రం ఎందుకు వెళ్తున్నారని గేటు దాకా వెంటబడి అడుగుతారు. అందరూ మర్యాదకి అడిగినట్టు కాదు. ఆయనకి నిజంగా జవాబు కావాలి.

“అప్పుడే లేచారేం?”

“చాలాసేపయింది కదండీ...”

“అది సరే. ఏ మాట దగ్గర లేవాలనిపించింది?”

“అబ్బే, అలాంటిదేం లేదండీ.”

“మొహమాటపడకండి. మా ఆవిడ మోకాళ్ళ నొప్పి సంగతి ఎత్తుకున్నప్పుడు మీరు చెప్పుల వైపు చూశారు. నేను గమనించాను.”

లోపల్నించి మా అక్క ఇవన్నీ వింటూనే ఉంటుంది. ఆ పూట ఆయనకి కాఫీ ఆలస్యమవుతుంది. ఎందుకు ఆలస్యమైందో కూడా ఆయన ఆరా తీస్తారు.

తప్పు ఆయనది కాదు, ఉద్యోగానిది. నీటి సరఫరా ఆఫీసులో పైపుల లీకేజీలు పట్టుకోవడం ఆయన పని. ఊరింకా లేవకముందే వెళ్ళి, ఇనపకడ్డీ ఒక కొన రోడ్డుకి ఆనించి, రెండో కొన చెవికి పెట్టుకుని, భూమి లోపల నీళ్ళ చప్పుడు వినేవారు. ట్యాంకులోంచి బయల్దేరిన నీళ్ళు కుళాయిల దాకా చేరాలి. చేరలేదంటే “ఎక్కడో కారుతోంది” అనేవారు. రిటైరైన రోజున కడ్డీ ఆఫీసులో అప్పగించారు గానీ చెవి మాత్రం వెంట తెచ్చుకున్నారు.

మా వీధి చివర పళ్ళ డాక్టరుగారు ఒకసారి తన వేణువు కచేరీ పెట్టారు. మధ్యలో ఒకాయన లేచి వెళ్ళిపోయాడు. బావగారు బస్‌స్టాపు దాకా పరిగెత్తి, కారణం కనుక్కుని తిరిగొచ్చి, హాలు గుమ్మంలో నిలబడి, “డాక్టరుగారూ, మీరు కానివ్వండి! తప్పు మీది కాదు. ఆయన స్టవ్వు ఆపడం మర్చిపోయాడట!” అని అందరికీ వినపడేలా ప్రకటించారు. అది విని ఇంకో నలుగురికి తమ స్టవ్వులు గుర్తొచ్చాయి. తర్వాత బావగారి పన్ను పీకినప్పుడు డాక్టరుగారు మత్తుమందు కాస్త పొదుపుగా వాడారని మా అక్క అనుమానం.

ఇలాంటి మనిషికి నా దుకాణం వెబ్‌సైట్ నేనే చూపించాను. కొరివితో తల గోక్కోవడమంటే ఇదే.

దుకాణం మా నాన్న పెట్టింది. కుట్టుమిషన్ల విడిభాగాలు అమ్ముతాం. సూదులు, బాబిన్లు, బెల్టులు, మిషన్ నూనె. నాన్న పోయాక నేను చూసుకుంటున్నాను. చూసుకోవడమంటే, గాజు బల్ల వెనక కూర్చుని వీధిలో పోయేవాళ్ళని చూస్తూ ఉండేదాన్ని. వాళ్ళు మాత్రం ఇటు చూసేవాళ్ళు కాదు. పోనీ ఇంటర్నెట్‌లోనైనా ఎవరైనా వస్తారేమోనని వెబ్‌సైట్ పెట్టించాను. అక్కడా అంతే, గోళ్ళు గిల్లుకోవడమే.

ఆ ఏడాది ఆఖరు దాకా చూసి దుకాణం మూసేద్దామని లోలోపల నిర్ణయించుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. అక్కకి చెబితే నాన్న రెండోసారి పోయినంత ఏడుస్తుంది. వెబ్‌సైట్‌లో “ఇక సెలవు” అని ఒక పేజీ కూడా రాసిపెట్టుకున్నాను. మిగతా పేజీల నుంచి దానికి దారి లేదు కాబట్టి ఎవరి కంటా పడదు. ఒక్క మీట నొక్కితే అది మొదటి పేజీలోకి వచ్చేస్తుంది. రోజూ మధ్యాహ్నం వీధి ఖాళీ అయ్యాక బల్ల మీది కంప్యూటర్‌లో ఆ పేజీ తెరిచేదాన్ని, చదివేదాన్ని, ఒక మాట మార్చేదాన్ని. వేలు మీట దాకా వెళ్ళి వెనక్కొచ్చేది. నాకు చాలా బాధగా ఉండేది, ఆ బాధ చెప్పుకోవడానికి ఎవరూ ఉండేవారు కాదు.

అలాంటి రోజుల్లో అక్క మిషన్‌కి బెల్టు కావాలని బావగారు వచ్చారు. కబుర్ల మధ్యలో, వెబ్‌సైట్‌కి ఎంతమంది వస్తున్నారో చూపించే తెర ఒకటి ఉందని నోరు జారాను. ఎవరు ఏ పేజీలోకి వచ్చారు, ఎంతసేపున్నారు, ఎక్కణ్ణుంచి వెళ్ళిపోయారు, అన్నీ అందులో ఉంటాయి. సైట్ కట్టినబ్బాయి నాకు ఒకసారి చూపించి వెళ్ళాడు. నేను మళ్ళీ దాని మొహం చూడలేదు.

“ఎక్కణ్ణుంచి వెళ్ళిపోయారో కూడా చూపిస్తుందా?” బావగారి గొంతు సన్నబడింది.

“చూపిస్తుందట.”

ఆయన స్టూలు లాక్కుని కూర్చున్నారు. బెల్టు తీసుకెళ్ళడం మర్చిపోయారు. మర్నాటి నుంచి అక్క వాడుకునే టాబ్‌ని చంకలో పెట్టుకుని, నేను తాళం తీసేలోపే గుమ్మంలో ఉండేవారు.

“వందమంది వస్తే తొంభైమంది మొదటి పేజీ గుమ్మంలోంచే వెళ్ళిపోతున్నారమ్మా!”

“పోనివ్వండి బావగారూ. ఇంటర్నెట్ అంటే అంతే. వస్తుంటారు, పోతుంటారు.”

“తొంభైమంది గుమ్మంలోంచే వెనక్కి తిరిగారంటే ఇంట్లో ఏదో చచ్చిందని అర్థం. ఎక్కడో కారుతోంది.”

వారం రోజులు ఆయన ఆ గుమ్మం చుట్టూ తిరిగారు. చివరికి ఒకరోజు తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించి చెప్పారు.

“మరదలూ, కోప్పడనంటే ఒక మాట. జనం మావయ్యగారిని చూసి పారిపోతున్నారు.”

మొదటి పేజీ నిండా మా నాన్న ఫొటో ఉంది. నాన్న మనసు మంచిదే గానీ ఫొటోలో మాత్రం అప్పు అడగడానికి వచ్చినవాణ్ణి చూసినట్టు చూస్తారు. ఫోన్‌లో చూసేవాళ్ళకి ఆ మీసాల కింద నుంచి ఎంతో దూరం దిగితే గానీ సూదులు కనపడవు. ఫొటోని పేజీ అడుగుకి దింపాం. గుమ్మంలోంచి వెళ్ళిపోయేవాళ్ళు సగానికి సగం తగ్గారు. మా అక్క మాత్రం ఆయనతో మాట్లాడటం మానేసింది.

“మా నాన్న మొహం చూసి జనం పారిపోతున్నారా? నాన్నని తీసుకెళ్ళి మెట్ల కింద కూర్చోబెడతారా?” అని నాకు ఫోన్ చేసి ఆయన్ని తిట్టింది. పక్కనే ఉన్న ఆయనకి వినపడాలని గట్టిగా తిట్టింది.

తర్వాతి వారం విజిటర్లు ఒక్కసారిగా పెరిగారు. నేను సంబరపడిపోయి పక్క దుకాణాలకి కూడా టీలు తెప్పించాను. బావగారు టీ ముట్టుకోలేదు.

“పండగ చేసుకోకు. వీళ్ళందరూ ఒకే ఇంట్లోంచి వచ్చారు. అందరూ సరాసరి పేజీ అడుగుకి వెళ్ళి చూసి పోతున్నారు.”

“ఎవరింట్లోంచి?”

“మా ఇంట్లోంచి.”

నాన్నని మళ్ళీ పైకి ఎక్కించామా లేదా అని మా అక్క రోజుకి పాతికసార్లు చూస్తోందట. తను చూడటమే కాక ఇంటికొచ్చిన చుట్టాలందరిచేతా చూపిస్తోందట.

బావగారికి ఒళ్ళు మండిపోయింది. “ఇంటివాళ్ళు విజిటర్లెలా అవుతారు? మీటరు మీద మనమే నీళ్ళు పోసుకుని ఊళ్ళో నీళ్ళు పారుతున్నాయంటే ఎలా?” అని, చుట్టాలందరి ఫోన్లూ వరసపెట్టి పట్టుకొచ్చి లెక్కలోంచి తీసేశారు. నా ఫోనూ తీసేశారు. దొంగలెక్క అంటే ఆయనకి అంత అసహ్యం.

“ఈ బల్ల మీది కంప్యూటర్ కూడా తీసెయ్యండి మరి,” అన్నాను.

ఆయన టాబ్ వంక చాలాసేపు చూశారు. “దాని సంగతి తర్వాత చూద్దాంలే,” అని లేచి, బెల్టుల డబ్బా సర్దడం మొదలెట్టారు.

ఆ తర్వాత ఆయనకి కొత్త పిచ్చి పట్టుకుంది. ఈ క్షణంలో ఎవరు ఏ పేజీలో ఉన్నారో చూపించే తెర ఒకటి దొరికింది. ఇక చూడాలి నా అవస్థ. సరిగ్గా మధ్యాహ్నం, నేను కంప్యూటర్ తెర నా వైపు తిప్పుకుని “ఇక సెలవు” చదువుకునే వేళకి, స్టూలు మీద నుంచి కేక.

“మరదలూ, ఉష్! కదలకు! బెల్టుల పేజీలోకి ఒకావిడ వచ్చింది.”

“వస్తే రానివ్వండి. మనం మాట్లాడుకుంటే ఆవిడకేమైనా వినపడుతుందా?”

“నీకు తెలీదు. ఇలా వచ్చి ఈ బెల్టు పొడుగు కొలిచి చెప్పు. ఆవిడ అదే చూస్తోంది.”

చచ్చినట్టు లేచి బెల్టు కొలిచేదాన్ని. వచ్చేసరికి ఆవిడ వెళ్ళిపోయేది. నాకు చదువుకునే ఓపిక పోయేది. మర్నాడు మళ్ళీ అదే వేళకి బెల్టుల పేజీలో ఒకావిడ. ఎవరో గానీ నా ప్రాణానికి దాపురించిందని ఆవిడని రోజూ తిట్టుకునేదాన్ని.

ఈ లోపల ఆయన అసలు లీకేజీ పట్టుకున్నారు. సైట్‌లో వెతుక్కోవడానికి ఒక గడి ఉంది. జనం అందులో ఏం రాస్తున్నారో చదివి వినిపించారు. “దారం మింగేస్తోంది.” “కింద టకటకమంటోంది.” “మా అమ్మ మిషన్‌కి నల్ల చక్రం.” మా సైట్‌లో ఉన్నవేమో విడిభాగాల పేర్లు, వాటి పక్కన నంబర్లు. వెతికినవాళ్ళకి ఏమీ దొరక్క వెళ్ళిపోతున్నారు.

“వాళ్ళు జబ్బు చెబుతున్నారు. మనం మందు పేరు అడుగుతున్నాం,” అన్నారు బావగారు.

అప్పుడు జబ్బుల పేరుతో పేజీలు రాశాం. “మీ మిషన్ దారం మింగేస్తోందా?” అని ఒకటి. “సూది మాటిమాటికీ విరుగుతోందా?” అని ఇంకొకటి. ఎక్కడ విప్పాలో, ఎక్కడ తుడవాలో, దేన్ని మార్చాలో ఫొటోలతో సహా పెట్టాం. ఫొటోల్లో చేతులు మా అక్కవి. తన చేతులు పైనా, నాన్న మొహం అడుగునా ఉండటం తనకి ఎందుకో నచ్చింది. బావగారితో మాటలు కలిశాయి, కాఫీ వేళకి రావడం మొదలైంది.

ఇంటర్నెట్‌లో ఆ జబ్బుల గురించి వెతికేవాళ్ళు నెమ్మదిగా మా గుమ్మంలోకి రాసాగారు. ఒకావిడ ఫోన్ చేసి, “మీ పేజీ చూసి దుమ్ము తుడిచానండీ. మిషన్ బాగైపోయింది. ఇక ఏమీ కొనక్కర్లేదు, చల్లగా ఉండండి,” అని పెట్టేసింది.

నాకు తిక్కరేగింది. “చూశారా బావగారూ? ఉచితంగా వైద్యం చేసి పంపించేస్తున్నాం! ఇది కారడం కాదా?”

“కాదమ్మా. ఆవిడ పని అయి వెళ్ళింది. కుళాయిలోంచి నీళ్ళు పడితే దాన్ని లీకేజీ అంటామా?”

అదే ఆవిడ తర్వాత సూదులు తెప్పించుకుంది, వాళ్ళ వీధిలో ఇంకొందరికి మా పేరు చెప్పింది.

ఏడాది ఆఖరు ఎప్పుడు వచ్చి వెళ్ళిందో నేను గమనించలేదు. గాజు బల్ల కనపడకుండా పార్సిళ్ళు. ఒక మధ్యాహ్నం టేపు కోసం వెతుకుతుంటే హఠాత్తుగా గుర్తొచ్చింది, “ఇక సెలవు” తెరిచి చాలా రోజులైందని. తెరిచాను. ఎవరో వేరే మనిషి రాసినట్టనిపించింది. పేజీ మొత్తం తీసేసి, మళ్ళీ టేపు వెతుక్కున్నాను.

మర్నాడు పొద్దున బావగారు స్టూలు మీద కూర్చుని, టాబ్ తెరిచి, ఒక్క క్షణం ఆగారు.

“మన సైట్‌కి ఒకప్పుడు రోజూ వచ్చిన ఒకావిడ ఇక వచ్చేలా లేదు. ఆవిడ చూసే ఆ పేజీయే లేదు.”

నా చేతిలో కత్తెర ఆగిపోయింది. “మీకు ఎప్పట్నించి తెలుసు?”

“ఇంటివాళ్ళని లెక్కలోంచి తీసేసిన రోజు నుంచి. ఎటు నుంచీ దారి లేని పేజీ, వచ్చేది ఒకే ఒక్క మనిషి, అదీ ఈ బల్ల దగ్గర్నుంచే. ఎంతోసేపు కూర్చునేది. మీట నొక్కకుండా వెళ్ళిపోయేది.”

“మరి నన్నెందుకు అడగలేదు? ఊళ్ళో అందరినీ గేటు దాకా తరుముతారు కదా!”

“అడిగితే చెప్పేదానివి. నోరు విప్పి ఒకసారి చెప్పేశాక నొక్కడం ఎంతసేపు?” ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. “వచ్చినవాళ్ళు పని కాకుండా వెళ్ళిపోతే బావుణ్ణని నేను కోరుకున్న పేజీ జన్మలో అదొక్కటే.”

అప్పుడు నాకు ఇంకో అనుమానం వచ్చింది.

“బావగారూ, నిజం చెప్పండి. రోజూ నేను ఆ పేజీ తెరిచే వేళకే బెల్టుల పేజీలోకి ఒకావిడ వచ్చేది. ఆవిడ అసలు ఉందా?”

మీటరు మీద మనమే నీళ్ళు పోసుకోకూడదన్న మనిషి కాసేపు బెల్టుల డబ్బా వంక చూశారు.

“అప్పుడప్పుడూ ఉండేది,” అన్నారు.

నేను ఒక్కసారిగా నవ్వేశాను. లేని ఆవిడ కోసం నేను కొలవని బెల్టంటూ ఆ దుకాణంలో మిగల్లేదు.

“మరి ఇప్పుడు ఆ సెలవు పేజీ ఆవిడ ఎందుకు వెళ్ళిపోయిందో అడగరా? ఆవిడని నేనే కదా.”

“అక్కర్లేదు,” అన్నారు బావగారు. వెళ్ళిపోయినవాళ్ళ గురించి ఆయన అక్కర్లేదనగా నేను వినడం అదే మొదలు. ఆ మాటని ఆయన కూడా ఎక్కువసేపు భరించలేకపోయారు. స్టూలు దగ్గరికి జరుపుకుని, గొంతు తగ్గించారు.

“అది సరే గానీ మరదలూ, మీ అక్క పొద్దున నేను మాట్లాడుతుండగా కాఫీ సగంలో వదిలేసి లేచి వెళ్ళిపోయింది. ఏ మాట దగ్గర అంటావు?”